శాంపిల్ అడిగితే ఇవ్వాలా, చెల్లీ?

మిరప కోతలు మొదలైతే మన వైపు ఆడవాళ్ళకి మధ్యాహ్నం పూట నడుం వాల్చే తీరిక కూడా ఉండదు. అయినా ఇవాళ ఈ మాట మాట్లాడుకోక తప్పదు. పరిటాల, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట వైపు ఇంటి దగ్గర కూర్చుని రాతపని చేసుకుంటున్న అమ్మాయిల కోసం ఇది. ఒకమ్మాయి విజయవాడ ఆసుపత్రికి కరపత్రం రాస్తుంది. ఇంకొకమ్మాయి హైవే పక్కన వెలిసిన వెంచర్‌కి బ్రోషర్ రాస్తుంది. యూట్యూబ్ ఛానల్‌కి స్క్రిప్టులు రాసేవాళ్ళు, పచ్చళ్ళ సీసా మీదికి నాలుగు వాక్యాలు రాసిచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. వీళ్ళందరికీ ఎదురయ్యే మాట ఒకటే: "ముందు ఒక శాంపిల్ రాసి పంపండి మేడం, నచ్చితే పని మీకే."

ఇవ్వాలా, వద్దా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు ఇదివరకు రాసినవి ఉంటే అడిగిందే తడవుగా చూపించండి. వాళ్ళ పని కోసం కొత్తగా రాయాల్సి వస్తే మాత్రం డబ్బు తీసుకునే రాయండి.

శాంపిల్ అడగ్గానే కొందరు చిన్నబుచ్చుకుంటారు. అది అనవసరం. అవతలివాళ్ళకి మనం ఎవరో తెలియదు, మన మొహం చూడలేదు. మన చదువు, ఊరు, అనుభవం ఎంత చెప్పుకున్నా మన రాత ఎలా ఉంటుందో తెలియకుండా అడ్వాన్స్ ఇవ్వడానికి ఎవరికైనా చెయ్యి రాదు. పైగా ఈ రోజుల్లో ఇంకో అనుమానం వచ్చి చేరింది: ఈ అమ్మాయి సొంతంగా రాస్తుందా, ఏఐతో రాయించి పంపుతుందా అని. అలా అడిగితే కోపం తెచ్చుకోకుండా ఫోన్ చెయ్యండి. మీరు పంపిన వ్యాసం ఎవరితో మాట్లాడి రాశారో, ఏ వాక్యం ఎందుకు తీసేశారో చెప్పండి. రాసినవాళ్ళు మాత్రమే చెప్పగలిగే సంగతులు అవి.

మన రైతులు తేజా మిరపకాయలు వేసుకుని గుంటూరు యార్డుకి వెళ్తారు కదా. కొనేవాడు టిక్కీ, అంటే మిరప బస్తా, కోసి, గుప్పెడు కాయ తీసి రంగూ తేమా చూసుకుంటాడు. అది మచ్చు. చూడకుండా కొనమని ఏ రైతూ అనడు. అలాగని "నాకోసం ఓ అరెకరం మిరప వేసి చూపించు, నచ్చితే తీసుకుంటా" అని ఏ వ్యాపారీ అడగడు. పండిన పంటలోంచి తీసేదే మచ్చు. ఆ మచ్చు కాయలే పోగుపడి బస్తాలైపోతున్నాయని రైతులు మొత్తుకున్న సందర్భాలూ ఉన్నాయి, అది కూడా గుర్తుపెట్టుకోండి.

"మరి పత్రికలకి కథ మొత్తం ఊరికే పంపుతున్నాం కదక్కా?" అని మీరు అడగచ్చు. మంచి ప్రశ్న. వెనకటికి తగినన్ని స్టాంపులు అంటించిన కవరు జతచేసి, "ఇది నా సొంత రచన, అనువాదం కాదు, మరెక్కడా ప్రచురణ కాలేదు" అని హామీపత్రం రాసి పంపేవాళ్ళు. ఇప్పుడు మెయిల్లో పంపుతున్నాం. పంపేది పూర్తి కథే. కానీ ఆ పత్రిక వద్దంటే కథ మీ దగ్గరే ఉంటుంది. ఇంకో పత్రికకి పంపుకోవచ్చు, సంకలనంలో వేసుకోవచ్చు. ఫలానా వెంచర్ వారి ప్లాట్ల గురించి రాసిన రెండు పేజీలు వాళ్ళు వద్దంటే ఎవరికి అమ్ముతారు? ఆ ఆసుపత్రి పేరు, ఆ డాక్టర్ల అర్హతలు, ఆ వసతులు పెట్టి రాసినదాన్ని ఇంకెక్కడ వాడతారు? నేను చూసే తేడా ఇదే. వాళ్ళు కాదంటే ఈ కాగితం నాకు పనికొస్తుందా? పనికొస్తే పంపండి. వాళ్ళకి తప్ప ఎవరికీ పనికిరానిదైతే అది అప్పటికే వాళ్ళ పని. పనికి కూలి ఉంటుంది.

ఇందులో మోసాలు ఎలా జరుగుతాయో కూడా చెప్పాలి. ఒక చెల్లెలు చెప్పింది. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి అడిగితే "టెస్ట్ ఆర్టికల్" అని వెయ్యి పదాలు రాయించుకున్నారట. తనతోపాటు అడిగినవాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో విషయం ఇచ్చారు. ఆ తర్వాత ఎవరికీ జవాబు లేదు. కొన్నాళ్ళకి తన వ్యాసం పేరు లేకుండా కనిపించింది. పదిమందిని పరీక్షించేవాడికి అందరికీ ఒకే ప్రశ్న ఇస్తేనే కదా ఎవరు బాగా రాశారో తెలిసేది! ఒక్కొక్కరికి ఒక్కో అంశం ఇచ్చారంటే వాళ్ళకి కావలసింది వ్యాసాలే. "అందరికీ ఇదే విషయమాండీ?" అని అడిగెయ్యండి. జవాబు చెప్పడానికి తడబడితే మీకు సంగతి అర్థమైపోతుంది.

చట్టం మన పక్షాన కొంత ఉంది, తెలుసుకుని ఉండటం మంచిది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు రాసినవాళ్ళది, రిజిస్ట్రేషన్ ఉన్నా లేకపోయినా. ఉద్యోగంలో ఉండి, ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు అది యజమానిది. ఫ్రీలాన్స్ మనిషి అలా ఉద్యోగి కాదు. ఆ హక్కు ఇంకొకరి పేరు మీదికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్ళకే ఇచ్చినట్టు. కాబట్టి మెయిల్లో శాంపిల్ పంపినంత మాత్రాన అది వాళ్ళ సొత్తు అయిపోదు. పంపేటప్పుడు పైన మీ పేరు, తేదీ వేసి, "పరిశీలన కోసం మాత్రమే" అని ఒక్క ముక్క రాయండి. వర్డ్ ఫైల్ వద్దు, పీడీఎఫ్ పంపండి.

కానీ చట్టం కాపాడేది రాతని. ఉత్త ఆలోచనని కాపాడదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. ఆయన నాటకంలోంచి సినిమా తీశారని కోర్టుకి వెళ్తే, ఇతివృత్తం మీదా ఆలోచన మీదా కాపీరైట్ ఉండదని తీర్పు వచ్చింది. మరి ఆలోచన చెప్పుకుని బతికేవాళ్ళ గతేమిటి? 2003లో బొంబాయి హైకోర్టుకి ఇలాంటిదే ఇంకోటి వచ్చింది. సన్‌డయల్ అనే సంస్థ ఒక టీవీ సీరియల్ ఆలోచనని కాగితం మీద పెట్టి జీ టెలిఫిల్మ్స్‌కి వినిపించింది. తర్వాత అలాంటి సీరియలే జీ వైపు నుంచి రావడంతో కోర్టుకెక్కింది. నమ్మకం మీద చెప్పిన రహస్యాన్ని అలా వాడుకోకూడదని కోర్టు సన్‌డయల్ వైపు నిలబడింది. వాళ్ళని గెలిపించింది కాగితమూ, ఎవరికి ఎప్పుడు చెప్పామన్న ఆధారమూ. మనమూ ఫోన్లో ఐడియాలన్నీ ధారపోయకుండా మెయిల్లో క్లుప్తంగా రాసి పంపాలి. సినిమా కథలు రాసే చెల్లెళ్ళు ఎవరికైనా వినిపించే ముందే హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘంలో కథ రిజిస్టర్ చేయించుకోవాలి.

డబ్బు అడగడానికి మొహమాటం, నాకు తెలుసు. "ఇంట్లో ఉండేదానివేగా, రెండు ముక్కలు రాసిపెట్టమ్మా" అనే బంధువుల మధ్య పెరిగాం. పెళ్ళికి పంచరత్నాలు, షష్టిపూర్తికి పుస్తకం, అన్నీ ప్రేమ మీదే. మేనకోడలి పెళ్ళికి రాయండి, సంతోషంగా రాయండి. వ్యాపారం చేసేవాళ్ళ దగ్గర ఆ ప్రేమ అక్కర్లేదు. మన తెలుగు కవులకి ఈ మొహమాటం ఉండేది కాదు తెలుసా! తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలకి వెళ్ళి అవధానాలు చేశారు. రాజుగారి ఎదుటే, అడిగిన అంశం మీద, అప్పటికప్పుడు పద్యం. అంతకన్నా కఠినమైన పరీక్ష ఉంటుందా? ఆ పరీక్ష సన్మానంతోనే ముగిసేది. విద్య చూపించమని పిలిచినవాళ్ళే బహుమానం ఇచ్చి పంపేవారు.

అందుకే ఇలా రాయండి: "నమస్కారం అండీ. నేను రాసిన మూడు రచనలు జతచేశాను. మీ విషయం మీదే కొత్తగా ఒక పేజీ కావాలంటే నా మామూలు ధరలో సగానికి రాసిస్తాను. పని ఖాయమైతే ఆ మొత్తం చివరి బిల్లులో తగ్గిస్తాను." ఇందులో కటువు ఏముంది? పని నిజంగా ఇవ్వాలనుకున్నవాళ్ళు దీనికి ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ళు రేపు బిల్లు దగ్గర కూడా ఇంతే.

ఇప్పుడే మొదలుపెట్టిన అమ్మాయిల సంగతి వేరు. చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు, కడుపు మాడినట్టే ఉంటుంది. వాళ్ళ మీద నాకు జాలి కన్నా ఆశ ఎక్కువ. ఎవరో అడిగేదాకా ఆగకండి, మీకు మీరే పని ఇచ్చుకోండి. మన పరిటాలే తీసుకోండి. హైవే మీద వెళ్ళేవాళ్ళంతా 2003లో నిలబెట్టిన 135 అడుగుల ఆంజనేయస్వామిని చూసి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతారు. ఇక్కడ ఒకప్పుడు వజ్రాలు తవ్వారని వాళ్ళకి తెలియదు. చుట్టూ బ్రిటిష్ ఇలాకా ఉంటే మన ఏడు ఊళ్ళు నిజాం కింద ఉండేవనీ, 1947లో ఇక్కడివాళ్ళు నిజాం మీద తిరగబడి సొంత రిపబ్లిక్ ప్రకటించుకున్నారనీ అసలే తెలియదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, ఒక పర్యాటకుడి కోసం రెండు పేజీలు రాయండి. ఇంకో పేజీ పత్తి కొనుగోలు గురించి రైతుకి అర్థమయ్యేలా, మరోటి మీరు పట్టే ఆవకాయకి లేబుల్‌లా. మూడు రకాల రాత సిద్ధం. ఊరి గ్రంథాలయ వార్షికోత్సవ సంచికకో, జిల్లా ఎడిషన్‌కో పంపితే పేరుతో అచ్చయ్యే అవకాశమూ ఉంది. అవి ఎంతమందికి చూపించినా అరిగిపోవు, ఎవరో వద్దన్నా మీవిగానే ఉంటాయి.