ఎప్పట్నుంచి మోగుతాండాది?

హైదరాబాద్ నుంచి కన్యాకుమారికి సైకిల్ మీద వెళ్తున్నానని నేను చెప్పని మనిషి లేడు. ఆఫీసులో చెప్పాను, అపార్ట్‌మెంట్ లిఫ్టులో చెప్పాను, ఆఖరికి పాలు పోసే కుర్రాడికీ చెప్పాను. దాదాపు 1,200 కిలోమీటర్లు, 12 రోజులు. ఆరు నెలలపాటు తెల్లవారుజామున లేచి కాళ్ళు గట్టిపరచుకున్నాను. తీరా మూడో రోజు మధ్యాహ్నానికే గుత్తిలో ఓ సైకిల్ షాపు ముందు కూలబడ్డాను. కాళ్ళు భేషుగ్గా ఉన్నాయి. వెనక చక్రంలో మాత్రం మూడు స్పోకులు విరిగి, రిమ్ము పాములా వంకర్లు పోతూ బ్రేకు రబ్బర్లకు రాసుకుంటోంది.

షాపు పెద్దాయన చక్రం ఒక్కసారి తిప్పి చూసి ఒకే ప్రశ్న వేశాడు. “ఎప్పట్నుంచి మోగుతాండాది సార్?”

“పొద్దున్నుంచే” అన్నాను. అబద్ధం. మొదటి రోజు జడ్చర్ల చేరకముందే వెనకనుంచి టిక్కుటిక్కుమంటోంది. అప్పుడు నేను చేసిన మరమ్మతు ఒక్కటే, చెవిలో పాట సౌండు పెంచడం.

ఆ టిక్కుటిక్కు ఏమిటో ఇప్పుడు తెలుసు. గేర్ల సైకిల్లో వెనక చక్రానికి రెండు వైపులా సమానమైన బిగువు ఉండదు. గేర్లున్న వైపు స్పోకులు నిటారుగా, ఎక్కువ బిగువుగా ఉంటాయి. మన ఒంటి బరువులో ఎక్కువ భాగం, దానికి తోడు క్యారేజీ మీది సంచుల బరువు పడేదీ ఆ చక్రం మీదే. బిగింపు సమంగా లేకపోతే చక్రం తిరిగిన ప్రతిసారీ స్పోకు కొంచెం వదులై మళ్ళీ బిగుస్తుంది. తీగను అటూ ఇటూ వంచి వంచి తెంపినట్టే ఇదీ, చివరికి చక్రం నడిమి హబ్ దగ్గరి వంపులో పుటుక్కుమంటుంది. ఒకటి తెగాక దాని బరువు పక్కవాటి మీద పడుతుంది. మొదటిది తెగినరోజే ఆగి ఉంటే పని ఒక్క స్పోకుతో పోయేది.

పెద్దాయన దగ్గర స్పోకులున్నాయి. కానీ మామూలు సైకిలువి, నా చక్రానికి పొడవు కుదరవు. కుదిరినా లాభం లేదు, విరిగినవి గేర్ల వైపువి కాబట్టి ముందు గేర్ల గుత్తి ఊడదీయాలి. గుత్తిలో గుత్తి ఊడదీసే పానా దొరకలేదు. (ఇది అప్పుడు నవ్వు తెప్పించలేదు.) సైకిల్‌ని పార్శిల్లో వేసి, రైలెక్కి ఇంటికొచ్చాను.

ఆ తర్వాత యాత్ర మధ్యలో ఆపేసినవాళ్ళతో చాలాసార్లు మాట్లాడాను. నేను విన్నంతలో కాళ్ళు చాలక ఆగినవాళ్ళు తక్కువ. ఆగిపోయేది చేతులు చాలక. మనం పైకి కనిపించే పనికి కష్టపడి సాధన చేస్తాం, చేతికి గ్రీజు అంటుకునే పని ఎవరో చేసిపెడతారనుకుంటాం.

చేతుల మాట వచ్చింది కాబట్టి, 1913 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో యూజీన్ క్రిస్టోఫ్ కథ వినే ఉంటారు. టూర్మలే కనుమ దిగుతుండగా అతని సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. ఎవరి సాయమూ తీసుకోకూడదన్నది నిబంధన. సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి ఒక పల్లెలో కమ్మరి కొలిమి చేరాడు. పందెం అధికారులు కాపలా కాస్తుండగా తనే ఇనుము కాల్చి, కొట్టి, అతుకు వేసుకున్నాడు. కొలిమి తిత్తి ఊదడానికి ఓ పిల్లవాడి సాయం తీసుకున్నాడని పది నిమిషాలు జరిమానా వేశారు, తర్వాత దాన్ని మూడుకు తగ్గించారు. అంత ఆలస్యమైనా పారిస్ చేరి ఏడో స్థానంలో నిలిచాడు.

ఈ కథ చెప్పే ప్రతి వక్తా దీన్ని పట్టుదల ఖాతాలో రాస్తాడు. నేను ఒప్పుకోను. పట్టుదల అతన్ని కొలిమి గుమ్మం దాకా తెచ్చింది, అంతే. గుమ్మం దాటాక పనికొచ్చింది అతని పాత వృత్తి. పందాల్లోకి రాకముందు క్రిస్టోఫ్ తాళాలు చేసేవాడు. అతని చేతులకు ఇనుము తెలుసు. నాకున్నంత పనితనంతో ఎంత పట్టుదల ఉన్నా ఆ కొలిమి ముందు కూర్చుని ఏడవడం తప్ప ఏమీ చేసేవాణ్ణి కాదు.

కాబట్టి బయల్దేరే ముందు చేతులకు పని చెప్పండి. వెనక టైరు ఊడదీసి ట్యూబు మార్చడం చీకట్లో, టార్చి వెలుగులో చేసి చూడండి. విరిగిన స్పోకుకు పక్కనున్న రెండింటినీ కాస్త వదులు చేస్తే రిమ్ము వంకర కొంత తగ్గి, పెద్ద ఊరి దాకా నెట్టుకు రావచ్చు. నేర్చుకోవడానికి ఒక ఆదివారం చాలు. చైను కొలవడానికి పిల్లల స్కేలు సరిపోతుంది. కొత్త చైనులో 12 అంగుళాల దగ్గర పిన్ను సరిగ్గా గీత మీద ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు అవతలికి జరిగిందంటే మార్చేయండి. కక్కుర్తి పడితే అరిగిన చైను గేర్ల పళ్ళను కూడా అరగదీస్తుంది. ఆ తర్వాత కొత్త చైను వేసినా పళ్ళ మీద జారుతుంది.

అన్ని సంచులూ కట్టుకుని, నిజంగా వెళ్తున్నంత బరువుతో రెండు రోజులు ఊరి చుట్టుపక్కల తిరగండి. ఖాళీ సైకిల్ మీద చేసిన సాధనలో బయటపడని లోపాలు బరువుతో బయటపడతాయి. నేను చేయనిది ఇదే.

ఇక దారిలో దొరకనివి. పల్లెటూరి షాపులో 28 అంగుళాల టైరు వేలాడుతుంటే ప్రాణం లేచొస్తుంది. కానీ మామూలు సైకిల్ టైరు అంచు కొలత 635 మిల్లీమీటర్లు, గేర్ల సైకిళ్ళ 700సి టైరుది 622. చూడ్డానికి కవలలే, రిమ్ము మీద మాత్రం నిలవదు. గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అయితే ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారం. దెబ్బ తగిలితే ఫ్రేముకు బదులు తాను వంగేందుకే దాన్ని పెట్టారు. కాబట్టి అది విరుగుతుందనుకునే బయల్దేరాలి. మీ సైకిల్‌కు మాత్రమే సరిపోయే వస్తువులేవో తెలుసుకుని అవే మోయండి. మూడో టీషర్టు ఇంట్లో ఉండనివ్వండి.

ఎంత నేర్చినా కొన్ని విరుగుతాయి. క్రిస్టోఫ్‌కే 1919లో, అందరికన్నా ముందున్నవాడు తొడిగే పసుపు జెర్సీ ఒంటి మీద ఉండగా, ఆఖరికి ముందు దశలో మళ్ళీ ఫోర్కు విరిగి గెలుపు చేజారింది. 1922లో గాలిబియే కనుమ మీద మూడోసారి. అతను టూర్ ఎప్పుడూ గెలవలేదు. అందుకే ఎక్కడ ఆగాలో ఇంట్లో ఉండగానే కాగితం మీద రాసుకోండి. పంక్చరు, తెగిన చైను, ఒక స్పోకు: రోడ్డు పక్కనే. టైరు పక్క చీలిక, రెండు మూడు స్పోకులు: లారీ ఎక్కి పెద్ద ఊరు. ఫ్రేములోనో ఫోర్కులోనో పగులు: ఇంటికి. ఉక్కు ఫ్రేమైతే ఏ వెల్డింగు షాపులోనైనా అతుకు పడుతుందేమో, అల్యూమినియంకు ఆ ఆశ పెట్టుకోకండి. ఇంట్లోనే రాసుకోమన్నది ఎందుకంటే, ఎర్రటి ఎండలో, ఆకలితో, వాట్సాప్‌లో అందరికీ మాటిచ్చేసి ఉన్న మనిషి పగిలిన ఫోర్కును చూసి కూడా “ఫరవాలేదు, పోతుంది” అంటాడు. ఇంకో మాట. ఏది విరిగినా ముందు నీడ, తర్వాత నీళ్ళు, ఒక అరటిపండు, ఆ తర్వాతే పానా. ఆకలి మీద బిగించిన బోల్టు మర తప్పుతుంది.

ఇంటికొచ్చాక నేను ఇంకో తప్పు చేశాను. అడిగినవాళ్ళందరికీ మోకాలి నొప్పన్నాను. మోకాలికి సానుభూతి దొరుకుతుంది, స్పోకుకు నవ్వు దొరుకుతుంది కదా. ఎదురింటి బాబాయిగారు మహానారాయణ తైలం సీసా తెచ్చిచ్చారు. నిక్షేపంలా ఉన్న మోకాలికి నెల్లాళ్ళు రాసుకున్నాను. ఆ నెల్లాళ్ళూ నేర్చుకున్నది సున్నా. చివరికి ఓ ఆదివారం తోటి సైక్లిస్టుల దగ్గర నిజం కక్కేశాను. చప్పుడు విన్నాను, ఆగలేదు, మూడు విరిగాయి అని. ఎవరూ పెద్దగా నవ్వలేదు. ఒకాయన మర్నాడే పాత చక్రం ఒకటి పట్టుకొచ్చి నా ముందు పడేసి, “మొత్తం విప్పి మళ్ళీ కట్టు” అన్నాడు. నాలుగు సాయంత్రాలు పట్టింది.

మరుసటి జనవరిలో సైకిల్‌ని రైల్లో వేసుకుని గుత్తిలో దిగాను, ఆగినచోటి నుంచే మొదలుపెడదామని. సంచిలో గేర్ల గుత్తి పానాలు రెండున్నాయి. ఒకటి పెద్దాయనకిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, స్పోకుల కట్ట పక్కన మేకుకు తగిలించాడు. తర్వాత నేను అడక్కుండానే సైకిల్ వెనక భాగం పైకెత్తి, చక్రం తిప్పి, తల వంచి విన్నాడు.

“రవ్వంత మోగుతాండాది సార్.”

నాకేమీ వినపడలేదు. స్టూలు చూపించి కూర్చోమన్నాడు. క్యారేజీ బోల్టు ఒకటి వదులైంది.