కడుపులో అల్సర్ వంశపారంపర్యమా?



పోయిన నెల మా గంభీరావుపేట బ్రాంచ్‌లో టెన్త్ క్లాస్‌కు హెరిడిటీ పాఠం చెబుతున్నాను. బఠానీ మొక్కలు, కళ్ళ రంగు అన్నీ అయిపోయాక ఒక అబ్బాయి లేచి, "మేడమ్, మా తాతకు కడుపుల అల్సర్ ఉండె. మా బాపుకు గూడ ఉంది. మరి నాకు గూడ వస్తదా?" అని అడిగాడు. వెనక బెంచీలో ఇంకో ఇద్దరు "మా ఇంట్ల గూడ అట్లనే మేడమ్" అన్నారు.

బెల్ కొట్టేలోపు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం పిల్లలకంటే పెద్దవాళ్ళకే ఎక్కువ అవసరం అనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా సూటి జవాబు. కడుపులో, చిన్నపేగు మొదట్లో వచ్చే అల్సర్లకు ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. నొప్పి మాత్రలు ఎక్కువగా వాడటం రెండో పెద్ద కారణం. ఒంటి తీరును బట్టి కొందరికి ముప్పు కొంచెం ఎక్కువ ఉండవచ్చు. కానీ ఆ బ్యాక్టీరియా తండ్రి జన్యువుల్లోంచి కొడుక్కి రాదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకు ఒకరి నుంచి ఒకరికి, ఎక్కువగా చిన్నతనంలోనే సోకుతుంది. అందుకే అది వంశపారంపర్యంలా కనిపిస్తుంది.

యాసిడ్‌లో బతికే బ్యాక్టీరియా

కడుపులోని యాసిడ్‌లో ఏ బ్యాక్టీరియా బతకదని డాక్టర్లు చాలాకాలం నమ్మారు. అల్సర్ టెన్షన్ వల్ల, కారం వల్ల వస్తుందనేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ ఆ నమ్మకాన్ని మార్చారు. 1982లో ఈ బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచగలిగారు. అయినా చాలామంది నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగాడు. కొద్ది రోజుల్లోనే వాంతులు మొదలయ్యాయి, పరీక్షలో కడుపు లోపలి పొర వాచినట్టు తేలింది. 2005లో వాళ్ళిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైమ్‌తో యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారు చేస్తుంది. ఆ అమ్మోనియా తన చుట్టూ ఉన్న యాసిడ్‌ను విరిచేస్తుంది. తర్వాత బ్యాక్టీరియా జిగురు పొరలోకి దూరి, కడుపు గోడ కణాలను అంటిపెట్టుకుని ఉంటుంది.

పడుగు అదే, డిజైన్ మారింది

"అయితే అది మన జన్యువులను మారుస్తదా?" అన్నది పిల్లల రెండో ప్రశ్న. దీనికి సిరిసిల్ల సాంచాలతో జవాబు చెప్పాను. సాంచా మీద పడుగులో పోగులన్నీ ఉంటాయి. ఏ పోగు ఎప్పుడు పైకి లేవాలో జకార్డ్ చెబుతుంది. పోగులు అవే అయినా, లేచే వరుస మారితే బట్ట మీద డిజైన్ మారిపోతుంది.

మన శరీరం కూడా అంతే. కంటి కణంలో, కడుపు కణంలో ఉండే జన్యువులు ఒకటే. ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఊరుకోవాలి అన్నదే తేడా. ఈ బ్యాక్టీరియా ఆ వరుసలో వేలు పెడుతుంది. అది మూడు రకాలుగా జరుగుతుంది.

మొదటిది, లేవకూడని పోగు లేవడం. ఈ బ్యాక్టీరియాలో ప్రమాదకరమైన రకాలు సూదిలాంటి నిర్మాణంతో కాగ్‌ఏ అనే ప్రొటీన్‌ను మన కణంలోకి ఎక్కిస్తాయి. దాంతో కణంలో ఊరుకుని ఉన్న ఎన్ఎఫ్-కాపా-బి అనే ప్రొటీన్ మేల్కొని, కేంద్రకంలోకి వెళ్ళి, వాపు తెచ్చే జన్యువులను పని చేయిస్తుంది. వాటిలో ఒకటైన ఇంటర్‌ల్యూకిన్-8 తెల్ల రక్తకణాలను పిలుస్తుంది. అవి వచ్చి పోరాడతాయి. కానీ జిగురు పొరలో దాగిన బ్యాక్టీరియా పూర్తిగా పోదు, పోరాటం ఏళ్ళ తరబడి సాగుతుంది. కొందరిలో సీడీఎక్స్2 అనే పేగు జన్యువు కడుపులో పనిచేయడం మొదలుపెడుతుంది. అప్పుడు కడుపు పొర కొన్నిచోట్ల పేగు పొరలా మారిపోతుంది.

రెండోది, లేవాల్సిన పోగుకు ముడి పడటం. దీర్ఘకాలం వాపు ఉంటే కొన్ని జన్యువుల మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పడి, అవి మూతపడతాయి. కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే ఈ-క్యాడ్‌హెరిన్ జన్యువు అలాంటిదే. ఇన్ఫెక్షన్ ఉన్నవారి కడుపు పొరలో ఈ గుర్తులు చాలా ఎక్కువని 2006లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు.

మూడోది, పోగు తెగిపోవడం. వాపులో విడుదలయ్యే ఘాటు రసాయనాలు డీఎన్ఏనే దెబ్బతీస్తాయి. ఈ మూడూ ఏళ్ళ తరబడి పేరుకుంటే కొద్దిమందిలో క్యాన్సర్ దాకా వెళ్ళవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ఈ బ్యాక్టీరియాను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. భయపడకండి, ఇది సోకినవారిలో ఎక్కువమందికి జీవితాంతం ఏ ఇబ్బందీ ఉండదు.

మందు వాడితే మళ్ళీ మామూలవుతుందా?

చాలావరకు అవుతుంది. బ్యాక్టీరియా పోతే వాపు తగ్గుతుంది, వాపు జన్యువులు ఊరుకుంటాయి, అల్సర్ మానుతుంది. మిథైల్ గుర్తులు కూడా తగ్గుతాయి కానీ అన్నీ పోవు. కడుపు పైపొర కణాలు కొద్ది రోజులకొకసారి కొత్తగా వస్తాయి కదా, మరి గుర్తులు ఎందుకు మిగులుతాయి? కొత్త కణాలను పుట్టించే మూలకణాల్లోనే ముడి పడితే, వాటి నుంచి పుట్టే ప్రతి కణానికీ అది వస్తుంది. అందుకే ఆలస్యం చేయకుండా చూపించుకోవడం మంచిది.

ఇక మా విద్యార్థికి కావలసిన జవాబు. తండ్రి కడుపు కణాల్లో వచ్చిన ఈ మార్పులు బిడ్డకు రావు. బిడ్డకు వెళ్ళేవి అండం, వీర్యకణంలోని జన్యువులే.

ఇంటి నుంచి ఇంటికి కాదు, ఇంట్లోనే

2007లో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ సంస్థలో డాక్టర్ నియాజ్ అహ్మద్ బృందం మన దేశపు హెలికోబాక్టర్ జన్యువులను పరిశీలించింది. వాటి మూలాలు యూరప్ రకాలతో కలుస్తున్నాయని, పూర్వం వలస వచ్చిన మనుషులతోపాటే ఇదీ ఇక్కడికి వచ్చిందని వివరించింది. అంటే ఈ బ్యాక్టీరియా తరాలుగా కుటుంబాలతో కలిసి నడుస్తోంది. ఆస్తిలా తాత నుంచి మనవడి దాకా వస్తున్నా, దీన్ని మందుతో ఆపవచ్చు.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

• పెద్దవాళ్ళకు వారాల తరబడి కడుపు మంట ఉంటే గ్యాస్ గోలీలతో నెట్టుకురాకండి. యూరియా బ్రీత్ టెస్ట్, మల పరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ ఉన్నాయి. టెస్ట్‌కు ముందు ఏ మందులు ఎన్ని రోజులు ఆపాలో డాక్టర్‌ను అడగండి.

• యాంటీబయాటిక్ కోర్సు సాధారణంగా 14 రోజులు. మంట తగ్గిందని నాలుగో రోజు ఆపితే బ్యాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది. కోర్సు అయ్యాక నెల తర్వాత మళ్ళీ టెస్ట్ చేయించి, పోయిందని తేల్చుకోండి.

• నడుము నొప్పికి, చేతుల నొప్పికి మెడికల్ షాపులో గోలీలు కొని రోజూ వేసుకోకండి.

• నల్లటి మలం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకండి.

• పిల్లల కడుపునొప్పికి ఎక్కువసార్లు కారణం ఈ బ్యాక్టీరియా కాదు. టిఫిన్ తినకుండా వ్యాన్ ఎక్కడం, బాత్రూమ్‌కు వెళ్ళకుండా ఆపుకోవడం, పరీక్షల భయం ముందు చూడండి. నొప్పితో రాత్రి నిద్ర లేస్తున్నా, వాంతులవుతున్నా, బరువు తగ్గుతున్నా డాక్టర్‌కు చూపించండి.

• పసిపిల్లలకు నమిలి తినిపించకండి. అన్నం ముందు, బాత్రూమ్ తర్వాత సబ్బుతో చేతులు కడగడం ఇంటిల్లిపాదికీ అలవాటు చేయండి.

పోయిన శనివారం పేరెంట్స్ మీటింగ్‌కు ఆ అబ్బాయి తండ్రి వచ్చారు. మార్కుల సంగతి అయ్యాక, "మేడమ్, మావోడు ఇంటికొచ్చి గా పడుగు కథ చెప్పిండు. పదేండ్ల సంది గోలీలేసుకుంటున్న, టెస్ట్ మాత్రం ఎన్నడు చేయించలే. మా ఖాన్‌దాన్‌కే ఉన్నది గదా అనుకున్న" అన్నారు. వచ్చే వారం కొడుకును వెంటబెట్టుకుని సిరిసిల్ల వెళ్ళి చూపించుకుంటానని చెప్పారు.

మీ ఇంట్లో కూడా "మనకు మొదటి నుంచీ ఉన్నదే" అనుకుంటున్న కడుపు మంట ఉంటే, ఈ నెల ఒకసారి డాక్టర్‌ను అడగండి. ఈ పేజీని మీ పిల్లలతో చదివించి, సాంచా ఉదాహరణను వాళ్ళ మాటల్లో మీకు చెప్పమనండి. పాఠం ఎంత అర్థమైందో మీకే తెలుస్తుంది.