నేలకు ఒక నియమం

పాఠ్యభాగ పరిచయం

నగరం పెరిగేకొద్దీ దాని చుట్టూ ఉన్న సేద్యపు భూమి తరుగుతుంది. ఆ పెరుగుదలను ఆపడం సాధారణంగా సాధ్యం కాదు. దానికి ఒక దారి చూపడం మాత్రం సాధ్యమే. అమెరికాలోని మాంట్గమరీ కౌంటీ తన భూమి వినియోగాన్ని గురించి అర్ధశతాబ్దికి పైగా ఆలోచించిన తీరును, ఆ ఆలోచనలో రైతుకు న్యాయం చేయడానికి ఎంచుకొన్న పద్ధతిని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రాష్ట్రానికి లోబడిన పాలనా విభాగాన్ని కౌంటీ అంటారు. విస్తీర్ణాన్ని బట్టి చూస్తే అది మన జిల్లా వంటిది. అధికారాన్ని బట్టి చూస్తే కొంత భిన్నమైనది. మన జిల్లాను రాష్ట్ర ప్రభుత్వం తరఫున కలెక్టరు పాలిస్తాడు. మేరీలాండ్ రాష్ట్రంలోని మాంట్గమరీ కౌంటీకి ప్రజలెన్నుకొన్న సొంత కౌన్సిలు ఉంది. పన్నులు విధించడం, ఏ నేలలో ఏమి కట్టవచ్చునో నిర్ణయించడం ఆ కౌన్సిలు బాధ్యతలు. 1776లో ఏర్పడిన ఈ కౌంటీ దేశ రాజధాని వాషింగ్టన్ నగరానికి వాయవ్య దిశలో, పొటోమాక్ నది ఒడ్డున, సుమారు ఐదువందల చదరపు మైళ్ల మేర విస్తరించి ఉంది. రాక్‌విల్ పట్టణం దీనికి ముఖ్యకేంద్రం.

ఒకప్పుడు ఇది పూర్తిగా పల్లెసీమ. రాజధాని పక్కనే ఉండడం దీని అదృష్టమూ అయింది, పరీక్షా అయింది. ప్రభుత్వ కార్యాలయాలు విస్తరించినకొద్దీ ఉద్యోగులు నగరం దాటి ఇళ్లు కట్టుకోసాగారు. రాబోయే ఒత్తిడిని ముందే గుర్తించి మేరీలాండ్ శాసనసభ 1927లో ఒక ఉద్యానవన ప్రణాళికా సంఘాన్ని నెలకొల్పింది. వాగుల వెంబడి ఉన్న పల్లపు భూములను కొని ఉద్యానవనాలుగా మార్చడం ఆ సంఘం తొలిరోజులలో చేపట్టిన ముఖ్యమైన పనులలో ఒకటి. ఇల్లు ఎక్కడ కట్టాలో చెప్పడానికి ముందు ఎక్కడ కట్టకూడదో చెప్పడమే ప్రణాళికకు మొదటి మెట్టు.

రెండవ ప్రపంచయుద్ధానంతరం జనం వెల్లువెత్తారు. 1950లో సుమారు 1,64,000 ఉన్న జనాభా 1960 నాటికి 3,40,000కు, 1970 నాటికి 5,22,000కు చేరింది. అణుశక్తి సంఘం కార్యాలయం 1950ల చివర జర్మన్‌టౌన్‌కు, జాతీయ ప్రమాణాల సంస్థ 1960లలో గైథర్స్‌బర్గ్‌కు తరలివచ్చాయి. వాటి వెంట రహదారులు, రహదారుల వెంట ఇళ్లు వచ్చాయి. ఈ వేగానికి పగ్గం వేయకపోతే పల్లె పల్లెగానూ మిగలదు, నగరం నగరంగానూ రూపొందదు అన్న విషయం స్పష్టమైంది.

ఆ అవసరం నుంచి పుట్టినదే 1964 నాటి సాధారణ ప్రణాళిక. దాని స్వరూపాన్ని బండిచక్రంతో పోల్చవచ్చు. వాషింగ్టన్ నగరం చక్రానికి నాభి. అక్కడి నుంచి బయలుదేరే ప్రధాన రహదారులు, రైలుమార్గాలు చక్రపు ఆకులు. రాక్‌విల్, గైథర్స్‌బర్గ్, జర్మన్‌టౌన్, క్లార్క్స్‌బర్గ్ వంటి పట్టణాలు ఈ ఆకుల వెంట పూసలు గుచ్చినట్లు పెరగాలి. ఒక ఆకుకు మరొక ఆకుకు నడుమనున్న ఖాళీలో పొలాలు, అడవులు, వాగులు నిలవాలి. ఎదుగుదలకు ఒక చోటు, నిలుపుదలకు ఒక చోటు అన్నది దాని సారాంశం.

ప్రణాళిక అనగానే గోడకు తగిలించిన పటం గుర్తుకు రావచ్చు. నిజానికి అది అంచెలంచెలుగా సాగే ప్రక్రియ. సాధారణ ప్రణాళిక కౌంటీ అంతటికీ కొన్ని దశాబ్దాలకు వర్తించే దిశను చూపుతుంది. దానికి లోబడి ఒక్కొక్క ప్రాంతానికి మాస్టర్ ప్లాన్ తయారవుతుంది. ఉద్యోగులు అధ్యయనం చేసి ముసాయిదా రాస్తారు. ఐదుగురు సభ్యులున్న ప్రణాళికా మండలి ప్రజాభిప్రాయాన్ని సేకరించి దానిని సవరిస్తుంది. కౌంటీ కౌన్సిలు మరల ప్రజల వాదనలు విని ఆమోదిస్తుంది. అటుపిమ్మట ఆ నిర్ణయాన్ని జోనింగు చట్టం ద్వారా అమలుచేస్తారు. ఏ స్థలంలో ఎన్ని ఇళ్లు, ఎంత ఎత్తు, ఏ వ్యాపారం అన్నది ఆ చట్టమే నిర్ణయిస్తుంది. రహదారులు, పాఠశాలలు చాలినంతగా ఉన్నాయో లేదో చూచి కొత్త నిర్మాణాలకు అనుమతినిచ్చే నిబంధన 1973లో వచ్చింది. వీటిలో ఏ అంచె లోపించినా ప్రణాళిక కాగితానికే పరిమితమవుతుంది.

ఆ ప్రమాదం మాంట్గమరీకి త్వరలోనే ఎదురైంది. ఆకుల నడుమ పొలాలను కాపాడాలని 1964 ప్రణాళిక కోరింది గాని, తగిన ఉపాయాన్ని చూపలేదు. 1970లలో అక్కడ ఐదెకరాలకు ఒక ఇల్లు చొప్పున మాత్రమే కట్టాలని నియమం చేశారు. ఫలితం విపరీతంగా పరిణమించింది. సంపన్నులు ఐదేసి ఎకరాల ముక్కలు కొని విశాలమైన భవనాలు కట్టుకోసాగారు. ఐదెకరాలు ఇంటి పెరడుకు మరీ ఎక్కువ, యంత్రాలతో సాగే అక్కడి సేద్యానికి మరీ తక్కువ. ఇళ్లు తక్కువే అయినా పొలం మాత్రం ముక్కలైపోయింది. రక్షించడానికి చేసిన నియమమే భక్షించడానికి దారితీసింది.

అప్పుడు ప్రణాళికా మండలి అధ్యక్షుడుగా ఉన్న రాయిస్ హాన్సన్ నాయకత్వాన మరింత దృఢమైన ఆలోచన రూపొందింది. 1980లో కౌంటీ ఉత్తర, పశ్చిమ భాగాలలోని సుమారు 93,000 ఎకరాలను వ్యవసాయ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఇది కౌంటీ మొత్తం భూమిలో మూడోవంతుకు కొంచెం తక్కువ. అందులో ఇరవైయైదెకరాలకు ఒక ఇల్లు చొప్పున మాత్రమే అనుమతిస్తారు. నగరాలకు వెళ్లే మురుగునీటి గొట్టాలను సాధారణంగా ఆ ప్రాంతంలోకి పొడిగించరు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న తలెత్తింది. రైతుకు పొలమే బ్యాంకు, పొలమే పింఛను, పొలమే బిడ్డలకిచ్చే ఆస్తి. అప్పు కావలసివస్తే తాకట్టు పెట్టేదీ దానినే. నిన్నటివరకు నూరెకరాల రైతు ఇరవై ఇళ్లకు సరిపడే స్థలం అమ్ముకోగలిగేవాడు. కొత్త నియమంతో అవి నాలుగుకు తగ్గాయి. పచ్చని పొలాల అందం, స్వచ్ఛమైన నీరు, తాజా పంట అందరికీ దక్కుతాయి. వాటి మూల్యం మాత్రం ఒక్క రైతే చెల్లించాలా? రైతుల ఆందోళనకు మూలం ఇదే.

దానికి సమాధానంగా కౌంటీ అభివృద్ధి హక్కుల బదలాయింపు అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. భూమి మీద యాజమాన్యం ఒక హక్కు. దాని మీద ఇల్లు కట్టడం వేరొక హక్కు. రెండవ దానిని మొదటి దాని నుంచి విడదీసి అమ్ముకోవచ్చునన్నదే ఈ పద్ధతికి ఆధారం. రక్షిత ప్రాంతంలోని రైతుకు ఐదెకరాలకు ఒకటి చొప్పున హక్కులు లభిస్తాయి. నూరెకరాల రైతుకు ఇరవై హక్కులు వస్తాయి. నాలుగు ఇళ్లకు నాలుగు హక్కులు ఉంచుకొని తక్కిన పదహారింటిని అతడు అమ్ముకోవచ్చు. పట్టణ ప్రాంతంలో నిర్ణీత స్థలాలలో అదనపు ఇళ్లు కట్టదలచిన నిర్మాణ సంస్థలు వాటిని కొంటాయి. హక్కులు అమ్మిన భూమి మీద శాశ్వతమైన షరతు దస్తావేజులలో నమోదవుతుంది. ఆ తరువాత పొలం చేతులు మారినా షరతు మారదు. ఈ విధంగా ఇల్లు పట్టణానికి, పైకం రైతుకు, పొలం పొలానికి చేరతాయి. ప్రభుత్వ ఖజానా నుంచి నేరుగా పెద్ద మొత్తాలు ఖర్చు కాకుండానే యాభైవేల ఎకరాలకు పైగా ఈ పద్ధతిలో రక్షణ పొందింది.

అయినా చిక్కులు లేకపోలేదు. హక్కుకు ధర నిర్ణయించేది విపణి. కొనేవారు తగ్గితే రైతు పొందేదీ తగ్గుతుంది. అదనపు ఇళ్లను స్వీకరించవలసిన పట్టణవాసులు, పొలాలను కాపాడడం కోసం తమ వీధులలో రద్దీ పెరగడం ఎందుకని అభ్యంతరం చెప్పారు. వివాదం న్యాయస్థానం దాకా వెళ్లింది. అటువంటి చోట్ల ఎంత సాంద్రతను అనుమతించాలో మాస్టర్ ప్లాన్ ద్వారా కాక, జోనింగు చట్టం ద్వారానే నిర్ణయించాలని మేరీలాండ్ అత్యున్నత న్యాయస్థానం 1987లో తీర్పు చెప్పింది. కౌంటీ తన నిబంధనలను సరిదిద్దుకొని పద్ధతిని కొనసాగించింది.

పొలాలను కాపాడినచోట ఇళ్లకు స్థలం కొరవడుతుంది. స్థలం కొరవడితే ధర పెరుగుతుంది. ఉపాధ్యాయులు, నర్సులు, దుకాణాలలో పనిచేసేవారు తాము సేవచేసే ఊళ్లోనే నివసించలేని స్థితి రాకూడదన్న ఉద్దేశంతో, పెద్ద గృహసముదాయాలలో కొంతభాగాన్ని మధ్యతరగతికి అందుబాటు ధరలో కేటాయించాలని 1974 నుంచే కౌంటీ నిర్దేశించింది. 2020 జనగణన నాటికి జనాభా 10,62,000 దాటింది. 2022 అక్టోబరులో కౌన్సిలు ఆమోదించిన కొత్త సాధారణ ప్రణాళిక 2050 వరకు దారి చూపుతుంది. ప్రధాన రహదారుల వెంట, రైలు స్టేషన్ల సమీపంలో దగ్గరదగ్గరగా పలురకాల ఇళ్లు రావాలని, వ్యవసాయ రక్షిత ప్రాంతం కొనసాగాలని అది కోరుతుంది. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క ఇల్లున్న పాత వీధుల స్వభావం చెడుతుందని కొందరు, యువతకు ఇల్లు దొరికే మార్గం ఇదేనని మరికొందరు వాదించారు. ఆ వాదన ముగియలేదు.

అభివృద్ధి హక్కుల బదలాయింపు తెలుగువారికీ పరిచితమైన పద్ధతే. హైదరాబాదు వంటి నగరాలలో రోడ్డు విస్తరణకు స్థలం వదులుకొన్న యజమానికి డబ్బుకు బదులు అటువంటి హక్కుపత్రం ఇచ్చే ఏర్పాటు ఉంది. మాంట్గమరీలో ఆ హక్కు పొలాన్ని నిలపడానికి ఉపయోగపడితే, ఇక్కడ దారిని వెడల్పు చేయడానికి ఉపయోగపడుతోంది. ప్రయోజనం వేరైనా సూత్రం ఒక్కటే. ఉమ్మడి మేలుకోసం ఒకరి నేలమీద ఆంక్ష పెట్టినప్పుడు ఆ భారాన్ని అందరూ పంచుకోవాలి.

భూమి పెరగదు, మనుషులు పెరుగుతారు. కనుక నేలకు నియమం తప్పదు. ఆ నియమం పటం మీది రంగులను మాత్రమే చూస్తే నిలవదు. ఆ రంగుల కింద జీవిస్తున్న మనిషిని కూడా చూడాలి. పొలాన్ని కాపాడదలచినవారు పొలం కలవాడిని కాపాడక తప్పదని మాంట్గమరీ అనుభవం తెలియజేస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

నాభి = చక్రం నడిమి భాగం
ఆకు = చక్రంలో నాభిని అంచుతో కలిపే కర్ర
ముసాయిదా = చిత్తుప్రతి
విపణి = అంగడి, మార్కెట్టు
దస్తావేజు = ఆస్తికి సంబంధించిన పత్రం
సాంద్రత = దట్టంగా ఉండడం; ఇక్కడ ఎకరానికి ఉండే ఇళ్ల సంఖ్య
మూల్యం = వెల

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. 1964 నాటి ప్రణాళిక స్వరూపాన్ని, దానిలోని లోపాన్ని వివరించండి.
2. అభివృద్ధి హక్కుల బదలాయింపు రైతుకు ఏ మేరకు న్యాయం చేసిందో చర్చించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. ఐదెకరాల నియమం ఎందుకు విఫలమైంది?
2. ప్రణాళిక ఏయే అంచెలలో రూపొందుతుంది?
3. పొలాల రక్షణకు, ఇళ్ల ధరకు గల సంబంధమేమి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. మాంట్గమరీ కౌంటీకి ముఖ్యకేంద్రం ఏది?
2. వ్యవసాయ రక్షిత ప్రాంతాన్ని ఏ సంవత్సరంలో ప్రకటించారు?
3. నూరెకరాల రైతుకు ఎన్ని హక్కులు లభిస్తాయి?

వ్యాకరణాంశాలు

ప్రజాభిప్రాయం = ప్రజా + అభిప్రాయం – సవర్ణదీర్ఘ సంధి
భూమి వినియోగం = భూమి యొక్క వినియోగం – షష్ఠీ తత్పురుష సమాసం