గుంట, గజము, మీటరు: సూరత్‌లో ఒక కొలత లెక్క

తెలంగాణ జిల్లాల నుండి సూరత్ మరమగ్గాల మీద పనికి వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలు అనేకం. వారు ఇంటిస్థలం కొనదలచినప్పుడు పరిచితమైన మాట ఒకటి వినవస్తుంది: గుంట. గుజరాతీలో అది 'గుంఠా'. పేరే కాదు, కొలత కూడ ఒక్కటే. బొంబాయి రెవెన్యూ సర్వేలో 33 అడుగుల గొలుసు వాడేవారు. ఆ పొడవు భుజముగా గల చతురస్రమే గుంట; 33 × 33 = 1,089 చదరపు అడుగులు, అనగా 121 చదరపు గజాలు. నలుబది గుంటలు ఒక ఎకరం. సూరత్ నాడు బొంబాయి ప్రెసిడెన్సీలోనిది. హైదరాబాదు సంస్థానం సర్వేకు ఆ పద్ధతినే స్వీకరించింది. కోస్తా జిల్లాల సెంటు వేరు, అది ఎకరంలో నూరవ వంతు. 'వీఘా' అన్న మాట విన్నప్పుడు మాత్రం ఎన్ని గుంటలో అడిగి తెలుసుకొనవలెను. గుజరాత్‌లోనే అది ప్రాంతానికొక తీరుగా ఉన్నది.

దస్తావేజులో చదరపు మీటర్లు వ్రాయవలసి వచ్చినప్పుడే చిక్కు. అడుగు 0.3048 మీటరు గదా అని 1,089ని దానితో గుణించేవారు కలరు. 332 వచ్చును. ఉన్న నేలకు మూడింతలకు పైగా! చదరపు మీటరు ధర చొప్పున సొమ్ము చెల్లించే కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు. పొడవు మారినప్పుడు వైశాల్యం వర్గముగా మారును. కనుక 0.3048 × 0.3048 = 0.09290, అనగా 9.290 × 10⁻². దీనిని 1.089 × 10³తో గుణింపగా 10.117 × 10¹, అనగా 1.012 × 10² చదరపు మీటర్లు. పదుల ఘాతములను వేరుగా కూడుకొనుట వలన దశాంశ బిందువు తప్పిపోదు.

ఇక 101.1714 అని ఎన్నో అంకెలు వ్రాయుట వృథా. పది మీటర్ల భుజాన్ని టేపుతో కొలిచినప్పుడు అయిదు సెంటీమీటర్ల తేడా వచ్చినదనుకొందము. రెండు భుజాలలోను అదే తేడా ఉన్నచో వైశాల్యం సుమారు ఒక చదరపు మీటరు మారును. 101 అని వ్రాసిన చాలును.

ఘనపరిమాణంలో ఈ పొరపాటు మరింత పెద్దది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి తాపీ నదిలోకి సుమారు 9 లక్షల క్యూసెక్కులు విడుదలై సూరత్ నగరంలో అధికభాగం ముంపునకు గురైనది. లక్ష 10⁵, ఘనపుటడుగు 0.3048 × 0.3048 × 0.3048, అనగా 2.83 × 10⁻² ఘనపు మీటర్లు. ప్రవాహం సెకనుకు సుమారు 2.5 × 10⁴ ఘనపు మీటర్లు. ఒక్కసారి మాత్రమే గుణించినచో 2.7 × 10⁵ అని తేలును. పదింతలకు మించిన ఈ తేడాను ఘాతమే ముందుగా పట్టి ఇచ్చును.