మా ఫైబర్ బోటు పొట్టలో నీళ్ళు

"ఒరేయ్, బోటు బరువెక్కింది."

పోయిన వేసవి సెలవులకి ఇంట్లో అడుగు పెట్టగానే నాన్న అన్న మొదటి మాట ఇది. బాగున్నావా, పరీక్షలెలా రాశావు, ఇవేవీ లేవు.

మాది కాకినాడ దగ్గర ఉప్పాడ. బోటు అంటే పెద్ద మరబోటు అనుకోకండి. సుమారు 28 అడుగుల ఫైబర్ బోటు, వెనక 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజన్. వయసు పదేళ్ళు దాటింది. ఇదివరకు ఆరుగురు కలిస్తే ఒడ్డు మీదికి లాగేవాళ్ళు, ఇప్పుడు ఎనిమిది మంది కావాలి. కెరటం వస్తే ముందు భాగం, అంటే మావాళ్ళ మాటలో అణియం, చప్పున లేవట్లేదు. పెట్రోలు ఎక్కువ తాగుతోంది. చివరి వేటలో ఒక కెరటం అణియం మీదుగా లోపలికి వచ్చేసిందని అమ్మ చాటుగా చెప్పింది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. నేను వెళ్ళేసరికి మే రెండో వారం. అంటే చేతిలో ఉన్నది నెల పైచిలుకు. ఆ నెలలో నేర్చుకున్నది మీతో పంచుకుందామని ఈ వ్యాసం. మెకానికల్ వాళ్ళకే కాదు, అందరికీ అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నిస్తా.

నీళ్ళు ఎక్కడ దాక్కుంటాయి?

ఫైబర్ బోటు పైకి ఒకే ముక్కలా కనిపిస్తుంది. నిజానికి రెండు పొరలు. బయట నీటిని తాకే అడుగు, లోపల మనం నిలబడే తట్టు. ఈ రెంటి మధ్య మూసేసిన గదులు, వాటిలో ఫోమ్. బోటు నిండా నీళ్ళొచ్చినా మునిగిపోకుండా తేలాలని ఈ ఏర్పాటు. 1958లో అమెరికాలో వచ్చిన బోస్టన్ వేలర్ బోట్లు దీనికి బాగా పేరు తెచ్చాయి. బోటుని రంపంతో రెండు ముక్కలు చేసినా తేలుతుందని ప్రకటనల్లో చూపించారు.

ఆలోచన మంచిదే. కానీ మూసేసిన గది ఎప్పటికీ మూసినట్టే ఉండదు. ఐస్ పెట్టె బిగించిన స్క్రూలు వదులవుతాయి. తట్టూ పక్క గోడా కలిసే అతుకు పగులుతుంది. ఇసుక మీద లాగీ లాగీ అడుగు అరుగుతుంది. ఎక్కడో ఒకచోట నీళ్ళు దూరతాయి. బయటికి పోయే దారి మాత్రం ఎవరూ పెట్టలేదు, ఎందుకంటే గదిలోకి నీళ్ళు రావనే నమ్మకంతో కట్టారు కాబట్టి.

నేను చేసిన తప్పు

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. అంతకుముందు దసరా సెలవుల్లో బోటు అడుగున చిన్న పగులు కనిపిస్తే, గ్లాస్ మ్యాట్ రెండు పొరలు వేసి రెసిన్ పూసి నేనే మూసేశా. ఇంజనీరింగ్ చదువుతున్నానని ఊళ్ళో కాస్త బిల్డప్ కూడా ఇచ్చా.

మా ఫైబర్ మేస్త్రి బాబాయ్ ఆ అతుకు చూసి ఒకటే అడిగాడు. "మూసే ముందు లోపల ఎండిందో లేదో చూశావా?"

చూడలేదు. నిజానికి నీళ్ళు ఎక్కువగా వస్తున్నది పైనున్న స్క్రూల నుంచి. ఆ పగులు నుంచి కొంత బయటికి కారిపోతూ ఉండేది. నేను ఆ ఒక్క దారీ మూసేశా. పైగా తడి గాజు మీద రెసిన్ సరిగా పట్టదు, అందుకే అతుకు అంచు అప్పటికే లేస్తోంది.

కనిపెట్టడం

ముందు చెక్క సుత్తితో అడుగంతా తట్టుకుంటూ పోయాం. పొడిగా ఉన్నచోట ఖంగుమంటుంది, తడిసినచోట మొద్దు శబ్దం. వెనక భాగం, అంటే అమరం వైపు, దాదాపు అంతా మొద్దుగానే ఉంది. ఒడ్డున బోటు అణియం ఎత్తుగా, అమరం పల్లంగా ఉంటుంది కాబట్టి నీళ్ళు అక్కడికే చేరతాయి.

అక్కడ గదిలోకి 6 మిల్లీమీటర్ల రంధ్రం వేశాం. నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది. నీళ్ళు లేవేమో అనుకున్నా. బాబాయ్ నవ్వి, అదే గదికి పైన ఇంకో రంధ్రం వేశాడు. వెంటనే ధార! బాటిల్ మూతకి చిన్న చిల్లు పెట్టి బోర్లిస్తే నీళ్ళు రావు కదా, ఇదీ అంతే. లోపలికి గాలి వెళ్తేనే నీళ్ళు బయటికొస్తాయి. రెండు గదుల నుంచి నాలుగు బకెట్ల నల్లటి నీళ్ళు వచ్చాయి.

ఎక్కణ్ణుంచి దూరుతున్నాయో తేల్చుకోవడానికి బట్టల నీలం కలిపిన నీళ్ళు ఐస్ పెట్టె స్క్రూల చుట్టూ పోసి వదిలేశాం. తెల్లారేసరికి కింది రంధ్రం నుంచి నీలం చుక్కలు పడుతున్నాయి. అనుమానం తీరిపోయింది.

లెక్క

నాలుగు బకెట్లు పోయాయి కదా, ఇక చాలు అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. తట్టు కొంచెం కోసి, అడుగు నుంచి 10 సెంటీమీటర్ల ఘనం ఫోమ్ ముక్క, అంటే సరిగ్గా ఒక లీటరు, తీసి చేపల కాటా మీద పెట్టాం. ఇలాంటి పొడి పాలీయూరిథేన్ ఫోమ్ లీటరు సుమారు 32 గ్రాములు ఉండాలి. మాది 410 గ్రాములు తూగింది. అంటే 378 గ్రాములు నీళ్ళే.

ఒక్కో గది 250 లీటర్లు. పై సగం పొడిగానే ఉంది, కింది సగం తడి. రెండు గదుల్లో కలిపి తడి ఫోమ్ 250 లీటర్లు. దాన్ని 0.378తో గుణిస్తే దాదాపు 95 కిలోలు. ఒక బలమైన మనిషి రోజూ ఏ పనీ చేయకుండా మాతో వేటకి వచ్చి పోతున్నాడన్నమాట.

ఇంకో సంగతి. 500 లీటర్ల పొడి ఫోమ్, ఉప్పునీటిలో తన బరువు పోను 496 కిలోలు మోస్తుంది. ఈ 95 పోతే మిగిలేది 401. ఆపదలో కాపాడాల్సిన శక్తిలో దాదాపు ఐదో వంతు పోయింది. అమ్మ చెప్పిన కెరటం అప్పుడు గుర్తొచ్చింది.

ఫోమ్ దానంతటదే ఎండదా అంటే, ఎండదు. మూసి ఉన్న సన్నని గదుల్లోకి ఏళ్ళ తరబడి దూరిన నీళ్ళు బయటికి రావడానికీ అంతే కాలం పడుతుంది. మాకున్నది నెల. తడిసినదంతా తీసేయడమే దారి.

బాగుచేయడం

గ్రైండర్‌తో తట్టుని పలకలా కోశాం. చుట్టూ రెండంగుళాల అంచు వదిలాం, మళ్ళీ అదే పలక అతికించడానికి. గాజు ధూళి ఒంటికి తగిలితే దురద, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇంకా చేటు. మాస్కు, కళ్ళజోడు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. తడి ఫోమ్ తీసి, గదుల్ని పన్నెండు రోజులు ఎండకీ గాలికీ వదిలేశాం.

అసలు పని తర్వాత మొదలైంది. గదుల మధ్య అడ్డంగా ఉన్న ప్లైవుడ్ పలకలకి అడుగున రంధ్రాలే లేవు. నీళ్ళు వెనక్కి పారాలంటే ప్రతి పలకకీ అట్టడుగున రంధ్రం ఉండాలి. ఊరికే డ్రిల్ చేస్తే ప్లైవుడ్ కోసిన అంచు నీళ్ళు పీల్చి కుళ్ళిపోతుంది. అందుకని ముందు పెద్ద రంధ్రం వేసి, దాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో కావలసిన సైజు రంధ్రం వేయాలి. అప్పుడు నీటికి చెక్క తగలదు. స్క్రూలకీ ఇదే పద్ధతి. ఇంకో విషయం, చెక్క కుళ్ళడానికి ఉప్పునీటి కన్నా వాన నీరే ఎక్కువ కారణం. కుళ్ళించే శిలీంధ్రాలకి ఉప్పు పడదు. నిషేధం రోజుల్లో బోటుని కప్పకుండా వదిలేయడం అందుకే తప్పు.

కొత్త ఫోమ్ కింద, అడుగు పొడవునా, 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపుని నిలువునా చీల్చి బోర్లించాం. ఫోమ్ దిగి దారి మూసుకుపోకుండా అదొక కాలువ. అది అమరం దగ్గర బయటికి తెరుచుకుంటుంది, దానికి మరబిరడా. థర్మోకోల్ చౌక కదా అన్నాను. బాబాయ్ గ్లాసులో పాలిస్టర్ రెసిన్ పోసి ఒక ముక్క వేశాడు. చూస్తుండగానే కరిగిపోయింది. పెట్రోలు తగిలినా అంతే.

బిరడా రంధ్రం ఎంత ఉండాలన్నది నా వంతు. నీటి మట్టం 10 సెంటీమీటర్లుంటే టోరిచెల్లి సూత్రం ప్రకారం వేగం సెకనుకి 1.4 మీటర్లు. నష్టాలకి 0.6 గుణకం తీసుకుంటే 12 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి మొదట్లో నిమిషానికి సుమారు 6 లీటర్లు, 25 మిల్లీమీటర్లైతే సుమారు 25 లీటర్లు. వ్యాసం రెట్టింపైతే ప్రవాహం నాలుగింతలు. రెండోదే పెట్టాం.

చివరగా తట్టు అతికించడం. అతుకు అంచుల్ని ఏటవాలుగా అరగదీయాలి, మందానికి 12 రెట్ల పొడవున. 5 మిల్లీమీటర్ల మందానికి 60 మిల్లీమీటర్ల వాలు. నా దసరా అతుకుకి అసలు వాలే లేదు.

జూన్ 15

ఒక భయం మిగిలింది. ఒడ్డున బిరడా తీసి ఉంచాలి, నీళ్ళలోకి దిగే ముందు బిగించాలి. మరిచిపోతే? గోడ మీద రాసుకుందామా, ఫోన్‌లో అలారం పెడదామా అని నేను ఆలోచిస్తుంటే, నాన్న బిరడాకి నైలాన్ తాడు కట్టి ఇంజన్ లాగే తాడు పిడికి ముడేశాడు. అది విప్పకుండా ఇంజన్ స్టార్ట్ అవ్వదు.

ఆ తెల్లవారుజామున ఆరుగురే తోశారు. అణియం కెరటం మీద తేలిగ్గా లేచింది. మధ్యాహ్నం తిరిగొచ్చాక నాన్న మొదట బిరడా విప్పి, చేయి పెట్టి చూశాడు. రెండు చుక్కలు రాలాయి, అంతే.

చేయి లుంగీకి తుడుచుకుంటూ అడిగాడు. "ఇంతకీ పరీక్షలెలా రాశావురా?"

"ఫ్లూయిడ్ మెకానిక్స్ పర్లేదు నాన్నా."

మీ ఊళ్ళోనూ పాత ఫైబర్ బోటు ఉంటే, పగులు కనిపించగానే రెసిన్ డబ్బా తీయకండి. లోపల ఇప్పటికే ఎన్ని నీళ్ళున్నాయి, అవి ఎటు పోతాయి అని ముందు అడగండి. నేను అడిగుంటే ఆ దసరాకే అయిపోయేది.