జియోక్యాషింగ్ అను వెదకులాటయు దాని మర్యాదలును

లంకెబిందెల మాట వినని తెలుగు బాలుడు లేడు. పాడుపడిన కోటగోడ క్రిందనో, గుడి మండపము క్రిందనో పూర్వులెవరో బంగారము పాతిపెట్టి పోయిరనియు, అది అదృష్టవంతునికి దొరకుననియు పెద్దలు చెప్పుచుందురు. మేమిచ్చట వివరింపబూనినదియు దాచిన వస్తువును వెదకు క్రీడయే. అయితే ఇందు దొరకునది బంగారము కాదు. ఒక చిన్న డబ్బా, దానిలోనొక కాగితపు పుస్తకము. వెదకి కనుగొన్నవాడు ఆ పుస్తకమున తన పేరును తేదీని వ్రాసి, డబ్బాను మునుపున్నచోటనే, మునుపున్నట్లే యుంచి వెడలిపోవలెను. ఇంతమాత్రమునకై ఎండలో గుట్టలెక్కువారు లోకమున లక్షలకొలది గలరనిన మన చదువరులు నవ్వవచ్చును. ఈ క్రీడకు జియోక్యాషింగ్ అని పేరు.

దీని పుట్టుక మిక్కిలి స్పష్టముగా తెలిసినది. అమెరికా ప్రభుత్వము తన జీపీఎస్ ఉపగ్రహముల సంకేతములను సామాన్యజనులకు బుద్ధిపూర్వకముగా కొంత చెఱచి యిచ్చుచుండెను. అందువలన యంత్రము చూపు స్థానమునకును నిజమైన స్థానమునకును నూఱు మీటర్ల వరకు భేదముండెడిది. 2000 సంవత్సరము మే 2వ తేదీన ఆ చెఱుపు తొలగింపబడెను. మఱునాడే డేవ్ అల్మర్ అనునాతడు ఆరిగాన్ రాష్ట్రమున పోర్ట్‌లండ్ నగర సమీపమందలి యడవిలో నొక నల్లని బకెట్టు నుంచి, ఆ స్థలముయొక్క అక్షాంశ రేఖాంశములను ప్రకటించెను. ఒకటి తీసికొనినవాడు మఱియొకటి యుంచవలెననుట ఆతని నియమము. బకెట్టులో పుస్తకములు, కొంత ధనము, ఒక ఉండేలు, చిక్కుడుగింజల డబ్బా యొకటి యుండెను. కొలది దినములలోనే కొందఱు దానిని కనుగొనిరి; ఆ నెల ముగియులోపుననే క్రీడకు నేటి పేరు వచ్చెను. నేటి నియమముల ప్రకారము ఆ చిక్కుడుగింజలకు చోటులేదు. తినుబండార ముంచినచో వాసనకు జంతువులు వచ్చి డబ్బాను కొఱికివేయును గదా!

ఇట్టి యాట పూర్వము లేకపోలేదు. ఇంగ్లండునందలి డార్ట్‌మూర్ బీళ్లలో 1854 నుండియే సీసా యొకటి యుంచి, వచ్చినవారు తమ గుర్తులను విడిచిపోవు ఆచారముండెను. ఉపగ్రహములు వచ్చినపిదప ఆ యాచారమే దేశదేశములకు వ్యాపించెననుట తప్పుగాదు.

భూగోళ పాఠమున అక్షాంశములు కంఠస్థము చేయు విద్యార్థులు ఈ లెక్కను గమనింతురుగాక. హైటెక్ సిటీ ప్రాంతము ఉత్తర అక్షాంశము 17 డిగ్రీల 27 నిమిషములకును, తూర్పు రేఖాంశము 78 డిగ్రీల 23 నిమిషములకును సమీపమున నున్నది. ఈ నిమిషములనే మన పూర్వజ్యోతిషులు కలలనిరి. అక్షాంశమున నొక నిమిషమునకు నేలపై 1852 మీటర్ల దూరము. క్రీడాకారులు నిమిషమును వేయి భాగములుగా చేసి వ్రాయుదురు గనుక ఒక్కొక్క భాగము సుమారు 1.85 మీటర్లగును, అనగా నొక మనుష్యుడు పండుకొనునంత చోటు. అయినను యంత్రము అంత సూక్ష్మముగా చూపదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహములలో కనీసము నాలుగింటి సంకేతము లందిననే గాని స్థానము సరిగా తేలదు. ఆకాశము తెఱపిగానున్నచోట చేతిలోని ఫోను అయిదాఱు మీటర్ల లోపున చూపవచ్చును. మాదాపూరున అద్దపు మేడల నడుమ నిలిచి చూచినచో, సంకేతములు గోడలకు తగిలి ప్రతిఫలించి ఆలస్యముగా వచ్చుటచే, యంత్రము మనలను వీధి కావలి గట్టున నిలుపును. అక్కడినుండి కన్నులును బుద్ధియునే సాధనములు.

ఇక మన నగరపు మాట. ప్రధానమంత్రి వాజపేయిగారు 1998 నవంబరు 22వ తేదీన సైబర్ టవర్స్‌ను ప్రారంభించుటకు పూర్వము ఆ ప్రదేశమున ఎక్కువగా బండలును పొదలునే యుండెను. ఇప్పుడచ్చట ప్రతి ద్వారమునొద్ద కావలివాడు, ప్రతి స్తంభముపై కెమెరా. అట్టిచోట ఒక యువకుడు ఫోను పట్టుకొని పూలతొట్టి వెనుకకు వంగి తడవుచుండగా చూచినవారికి ఏమి తోచును? ఈ నగరము 2007 ఆగస్టు 25వ తేదీన లుంబినీ పార్కునందును కోఠిలోని గోకుల్ చాట్ నొద్దను బాంబులు ప్రేలి నలువది మందికి పైగా చనిపోయిన నగరము. 2013 ఫిబ్రవరి 21వ తేదీన దిల్‌సుఖ్‌నగరున సైకిళ్లపై నుంచిన బాంబులు మఱల ప్రాణములు తీసెను. యజమాని తెలియని డబ్బా యొకటి కనబడిన దానిని ముట్టక పోలీసువారికి తెలుపుడని అప్పటినుండి మన పిల్లలకు మనమే నేర్పుచున్నాము. ఆ పిల్లలనే డబ్బాలు వెదకుడని పంపుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పక క్రీడను పొగడుట మాకు సమ్మతము కాదు.

సమాధానము ఆ క్రీడయొక్క మర్యాదలలోనే యున్నది. అవి అలంకారమునకు పెట్టినవి కావు. 2011లో ఇంగ్లండునందలి వెదర్బీ పట్టణమున నొక డబ్బాను దాచుచుండగా చూచినవారు అనుమానించి పోలీసులను పిలువగా, వీధులు మూయించి, సైనికులు వచ్చి దానిని ప్రేల్చివేసిరి. అది ఈ యాటకై దాచిన డబ్బా మాత్రమే! కావున వంతెనలు, ఆనకట్టలు, ప్రభుత్వ భవనములు, ఆసుపత్రులు, విమానాశ్రయములు, సైనికస్థలములు, పాఠశాలలు – వీని చెంత డబ్బా దాచరాదని నియమము. దీనినిబట్టి 2020లో తెఱచిన దుర్గంచెరువు తీగల వంతెన క్రిందగాని, మన పాఠశాల ప్రహరీగోడలోగాని దాచుటకు వీలులేదు. స్థలపు యజమాని యనుమతి పొందవలెను. డబ్బా లోపల ఏమున్నదో కనబడునట్లు పారదర్శకమైనదైన మేలు. దానిపై క్రీడపేరు స్పష్టముగా వ్రాయవలెను. రెండు డబ్బాల నడుమ 161 మీటర్లకు తక్కువగాని దూరముండవలెను.

వెదకువారికిని విధులు గలవు. క్రీడ తెలియని బయటివారిని వీరు హ్యారీ పోటర్ కథలనుండి తెచ్చుకొన్న మాటతో మగుల్స్ అందురు. వారి కంటబడకుండ వెదకుట యొక సరదా. మన కారిడారునందు ఈ సరదా కొంత మానుకొనవలెనని మా యభిప్రాయము. కావలివాడు వచ్చి అడిగినచో దాగుట, పరుగెత్తుట, అబద్ధమాడుట కూడదు. “అన్నా, ఇది యొక ఆట, చూడుము” అని ఫోనులోని గుర్తును చూపి చెప్పవలెను. అతడు వలదన్నచో నమస్కరించి మరలవలెను. పండ్రెండు గంటలు ఎండలో నిలుచువానికి మన యాటవలన ఉద్యోగము పోరాదు గదా.

స్థలపు యజమాని యనుమతి లేక త్రవ్వుట నిషిద్ధము. డబ్బాలను సాధారణముగా భూమిలో పాతిపెట్టరు. ఈ నియమము మనదేశమున కెక్కువ విలువగలది. గుప్తనిధుల యాశతో పాత గుళ్లను, శివలింగముల పీఠములను రాత్రివేళ పెకలించు ముఠాలు పట్టుబడుట మనము పత్రికలలో తఱచు చదువుచున్నాము. పాడుగుడి చెంత గునపముతో కనబడినవానిని గ్రామస్థులు ఊరకే విడువరు, విడువనవసరమును లేదు.

డబ్బాలు మాత్రమే గాక కూడికలును ఈ క్రీడలో భాగమే. స్థలముయొక్క అక్షాంశ రేఖాంశములను, కాలమును రెండు వారములు ముందుగా ప్రకటింతురు. తక్కువలో తక్కువ అరగంట కూడియుండి, వచ్చినవారెల్ల ఒక పుస్తకమున సంతకము చేసి, తమ యనుభవములు చెప్పుకొందురు. అచ్చట వ్యాపారము గాని, మతప్రచారము గాని, రాజకీయము గాని చేయరాదు. అయిదువందల మందికి పైబడిన దానిని మెగా యనియు, అయిదువేలకు పైబడిన దానిని గిగా యనియు పిలుతురు. మొదటి గిగా 2014లో జర్మనీయందు మ్యూనిక్ నగరమున జరిగెను. మనదేశమున ఆటగాండ్రు పలుచగా నున్నందున నలుగురైదుగురు చేరినను పండుగయే. ఈ కూడికలలో మాకు మిక్కిలి నచ్చినది, 2002 నుండి జరుగుచున్న చెత్తయేఱు కూడిక. చేతితొడుగులు ధరించి, సంచులు పట్టి, వెదకుటకు వచ్చినచోటనే చెత్త యేఱుదురు. గోలకొండ కోటకు నీరిచ్చినదని చెప్పబడు దుర్గంచెరువు గట్టున ఇట్టి పని యొక యుదయమునకు తక్కువ కాదు.

అయితే మన నగరమునకు అన్నిటికంటె తగినది, అసలు డబ్బాయే లేని తెగ. దానిని ఎర్త్‌క్యాష్ అందురు. 2004లో ఆస్ట్రేలియాయందు మొదలైనది. అక్కడ దాచునది మనుష్యుడు కాదు, భూమియే. చెప్పిన స్థలమునకు పోయి, రాతిని పరిశీలించి, అడిగిన ప్రశ్నలకు జవాబులు వ్రాసి ఏర్పఱచినవానికి పంపవలెను. రాతిముక్కను గూడ తీసికొని పోరాదు. ఎవరికిని అనుమానము రాదు, ఏదియు చెడదు. సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సుగల మన నల్లసేనపు బండలకు ఇంతకంటె తగిన యాట యేది? భూమిలోపల పగుళ్లుబారిన శిలలోనికి నీరు దిగి, మూలలను ముందుగా తిని, చతురస్రపు దిమ్మలను గుండ్రముగా చేసినది. పిమ్మట చుట్టునున్న మెత్తని మన్ను కొట్టుకొనిపోగా, బండమీద బండ ఎవరో పేర్చినట్లు నిలిచెను. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణమందలి పుట్టగొడుగు బండ అట్టిది. దర్గాయు దేవాలయమును గల ఖాజాగూడ గుట్టపై నిట్టివి పెక్కులు గలవు. మేడలకొఱకు ఇవి పగులగొట్టబడుట చూచి 1996లో బండల పరిరక్షణకై నగరవాసులొక సంఘముగా నేర్పడిరి. వారు జనులను బండల యొద్దకు నడిపించుకొని పోయి చూపుచున్నారు.

మన విద్యార్థులలో నెవరైన ఖాజాగూడ గుట్టకు ప్రశ్నలు వ్రాయదలచినచో, స్థలమునకు బాధ్యులైనవారి యనుమతి పొందిన పిమ్మట, ఈ విధముగా నారంభింపవచ్చును: పైబండ క్రిందిబండను ఎన్నిచోట్ల తాకుచున్నది? పగులు ఏ దిక్కునుండి ఏ దిక్కునకు పోవుచున్నది, దానిలో చేయి పట్టునా, వ్రేలు పట్టునా? బండపై ఉల్లిపొరవలె ఊడిన పెచ్చు ఎన్ని అంగుళముల మందమున్నది? నిలిచియున్న గుండ్లెన్ని, పగులగొట్టిన గురుతులు గలవి ఎన్ని?