అవధానం

ఉద్దేశం: చదువు ముగించి ఉద్యోగంలో చేరబోయే విద్యార్థులకు, చేసే పని మీద ధ్యాస నిలపడం ఎట్లాగో, ఆ ధ్యాసకూ వృత్తిలో ఎదుగుదలకూ గల సంబంధం ఏపాటిదో తెలియజెప్పడం ఈ పాఠం ఉద్దేశం. ఇందుకు తెలుగువారిలో ప్రసిద్ధ ప్రక్రియ అయిన అవధానాన్ని ఆధారంగా గ్రహించడం జరిగింది.

చాలా సంవత్సరాల కిందటి మాట. ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షల జవాబు పత్రాలను దిద్దే శిబిరంలో నేనొక ఎగ్జామినరును. వేసవి మధ్యాహ్నం. పక్క బల్ల దగ్గర కూర్చున్న మిత్రుడు కరువు భత్యం బకాయిల ప్రస్తావన తెచ్చాడు. చేతిలోని కలం ఆపకుండానే నేనూ రెండు మాటలు కలిపాను. ఆ రెండు మాటల వ్యవధిలో, ఒక పత్రం లోపలి పుటలో నేనే వేసిన ఆరు మార్కులను పైపుటలోని పట్టికకు ఎక్కించడం మరచాను. మొత్తం 31 అయింది. ఉత్తీర్ణతకు 35 కావాలి. సాయంకాలం, కూడికలను సరిచూసే స్క్రూటినైజరు ఆ పత్రాన్ని తెచ్చి నా ముందుంచి, ఏమీ అనకుండా ఆ ఆరు అంకె మీద వేలు పెట్టాడు. నేను 37గా దిద్ది సంతకం చేశాను. ఆయన వెళ్లిపోయాడు.

పత్రాల మీద పేర్లుండవు. ఆ విద్యార్థి ఏ ఊరివాడో, అబ్బాయో అమ్మాయో నాకు తెలియదు. స్క్రూటినైజరు కన్ను కూడా ఆ పుటను దాటిపోయి ఉంటే, చేయని తప్పుకు ఒకరు తమ ఇంట తలవంచుకొని నిలబడవలసి వచ్చేది. నాకు మాత్రం ఆ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు. ఉద్యోగంలో పరధ్యానానికి ఉన్న భయంకరమైన లక్షణం ఇదే. పొరపాటు చేసినవాడొకడు, ఫలితం అనుభవించేవాడు మరొకడు.

ఇందులో నన్ను ఎక్కువగా సిగ్గుపరచిన అంశం మరొకటి ఉంది. అప్పటికే నేను ఎన్నో ఏళ్లుగా తరగతి గదిలో అవధాన విద్యను గురించి పాఠాలు చెబుతున్నవాణ్ని.

అవధానం అనే సంస్కృత పదానికి ధ్యాస, ఏకాగ్రత అని అర్థం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. సమస్య ఇచ్చేవారు ఒకరు, నాలుగు పదాలిచ్చి వాటిని పద్యంలో ఇమడ్చమనే దత్తపది వారు ఒకరు, వర్ణన కోరేవారు ఒకరు. నిషిద్ధాక్షరి నిర్వహించేవారు అవధాని ఒక అక్షరం పలకగానే తరువాత ఏ అక్షరం రాకూడదో చెబుతారు. వ్యస్తాక్షరి వారు ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి, మధ్యమధ్యలో ఒక్కొక్కటిగా అందిస్తారు. కొన్ని సభలలో గంట కొట్టేవారుంటారు. ఎన్ని గంటలు మోగాయో చివర లెక్క చెప్పాలి. వీరందరినీ మించి, సభికులు ఎదురుచూసే వ్యక్తి ఒకరున్నారు. అప్రస్తుత ప్రసంగి. అవధాని దృష్టిని చెదరగొట్టడమే ఈయనకు అప్పగించిన పని. పద్యపాదం నాలుక చివర ఉన్న క్షణంలోనే, ‘‘అవధానిగారూ, ఇంతకీ మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు?’’ అని అడుగుతారు.

అవధాని విసుగుకోకూడదు, వినిపించనట్లు ఉండకూడదు. చమత్కారంగా ఒక సమాధానం చెప్పి, సభను నవ్వించి, విడిచిన చోటికి తిరిగి రావాలి. మన పూర్వులు ధ్యాసను పరీక్షించడానికి నిశ్శబ్దమైన గదిని ఎన్నుకోలేదు. నిండు సభను ఎన్నుకొన్నారు. అంతరాయాన్ని విద్యలో ఒక అంగంగానే చేర్చారు. నేటి కార్యాలయం కూడా అటువంటి సభే. ఎదుట నిలిచిన ప్రజలు, పై అధికారి పిలుపు, మోగే ఫోను, బకాయిల ముచ్చట తెచ్చే మిత్రుడు, వీరిలో ఎవరినీ మనం సభ నుంచి వెళ్లగొట్టలేము. ఏకాగ్రత అంటే అంతరాయం లేకపోవడం కాదు. అంతరాయం తరువాత విడిచిన చోటికి చేరుకోగలగడం.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. అవధాని ఎనిమిది పనులను ఏకకాలంలో చేస్తాడని చాలామంది అంటారు. ఒక చేత కీబోర్డు, మరొక చేత సెల్‌ఫోను పట్టుకొన్న యువకులు తమను తాము అవధానులతో పోల్చుకోవడం కూడా నేను విన్నాను. ఇది సరికాదు. సభలో కొంతసేపు కూర్చొని గమనించండి. అవధాని ఏ క్షణంలోనైనా చేసేది ఒక్క పనే. మొదటి ఆవృత్తంలో సమస్యకు ఒక పాదం చెబుతాడు, దానిని అక్కడ ఉంచి దత్తపదికి మరలుతాడు, దానికొక పాదం చెప్పి వర్ణనకు వెళ్తాడు. ఇట్లా నాలుగు ఆవృత్తాలలో నాలుగేసి పాదాలు పూర్తవుతాయి. పనులు ఎనిమిదే కాని ధ్యాస ఒక్కటే. అది ఒకదాని తరువాత ఒకదాని వద్దకు, పూర్తిగా వెళ్తుంది, పూర్తిగా వస్తుంది. కలం కదుపుతూ కబుర్లలో పడిన నేను చేసింది అవధానం కాదు, దానికి నేరుగా వ్యతిరేకమైనది.

ఒక పనిలో నుంచి మరొక పనిలోకి ‘‘పూర్తిగా’’ వెళ్లడం ఎంత కష్టమో ఆధునిక పరిశోధకులు కూడా పరిశీలించారు. సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, మనిషి ఒక పనిని అసంపూర్ణంగా వదలి మరొక పనికి మరలినప్పుడు అతని ధ్యాసలో కొంత భాగం మొదటి పని దగ్గరే చిక్కుకొని ఉంటుందనీ, అందువల్ల రెండవ పని కుంటుపడుతుందనీ చూపింది. భాగహారంలో మిగిలే శేషం వంటిది కనుక దీనిని ధ్యాసశేషం అనవచ్చు. ఆమె తన సహపరిశోధకురాలితో కలిసి 2018లో ప్రకటించిన మరొక అధ్యయనం, పనిని మధ్యలో ఆపవలసి వచ్చినవారు ఎక్కడిదాకా చేశామో, తిరిగి వచ్చి ఏమి చేయాలో క్లుప్తంగా రాసిపెట్టుకొంటే ఆ శేషం తగ్గుతుందని తెలిపింది.

అవధాని ఏమి చేస్తున్నాడో ఈ వెలుగులో మరల చూద్దాం. నిషిద్ధాక్షరిని మినహాయిస్తే, అతడు పద్యాన్ని ఎక్కడపడితే అక్కడ వదలడు. పాదం ముగిసిన చోట వదులుతాడు. ఉత్పలమాల, చంపకమాల వంటి వృత్తాలలో ప్రతి పాదంలోనూ రెండవ అక్షరానికి ప్రాస కుదరాలి కదా. మొదటి పాదంలో ఏ హల్లు పడితే మిగిలిన మూడు పాదాలలోనూ ఆ హల్లే పడాలి. అంటే మొదటి పాదాన్ని విడిచి వెళ్లేటప్పుడే, తిరిగి రావడానికి గుర్తు అందులో ఉంటుంది. ఛందస్సును కవులకు సంకెల అని తిట్టేవారున్నారు. అవధానికి మాత్రం అది చీకట్లో చేతికి తగిలే తాడు.

ఉద్యోగికీ ఇటువంటి తాడు ఒకటి కావాలి. మన ప్రభుత్వ కార్యాలయాలలో ప్రతి గుమాస్తా నిర్వహించవలసిన పర్సనల్ రిజిస్టరు అనే పుస్తకం ఉంది. వచ్చిన ప్రతి కాగితాన్నీ సంఖ్యతో, తేదీతో అందులో నమోదు చేసి, దాని మీద ఎప్పుడు ఏ చర్య తీసుకొన్నదీ రాస్తూ పోవాలి. పర్యవేక్షకుడు నియమిత కాలంలో దానిని తనిఖీ చేయాలి. కొత్తగా చేరిన యువకులకు ఇది వృథా చాకిరీగా కనిపిస్తుంది. ఇప్పుడు అనేక కార్యాలయాలలో దస్త్రాలు కంప్యూటరులోకి మారాయి, అయినా ఆ పుస్తకం వెనుక ఉన్న ఆలోచన పాతబడలేదు. ఒక వితంతువు పింఛను దరఖాస్తు ఏ బల్ల మీద ఆగిపోయిందో చెప్పగలిగేది ఆ నమోదు ఒక్కటే. అవధాని చివర అన్ని పద్యాలనూ వరుసగా అప్పగించే ఘట్టాన్ని ధారణ అంటారు. గుమాస్తా ధారణను మనం బుద్ధికి కాక కాగితానికి అప్పగించాము. అందులో తప్పు లేదు. రాయకుండా, గుర్తూ పెట్టుకోకుండా ఉండడమే తప్పు.

ధారణ లేని అవధానం లేదు. ఆవృత్తాలలో ఎంత చక్కని పాదాలు చెప్పినా, చివర అప్పగించలేకపోతే సభ చప్పట్లు కొట్టదు. ఉత్సాహంగా పదిపనులు మొదలుపెట్టి దేనినీ తుదముట్టించని ఉద్యోగిని గురించి కార్యాలయంలో ఏమనుకొంటారో మీరు త్వరలోనే వింటారు.

ఇక ఎదుగుదల సంగతి. ధ్యాసతో పనిచేస్తే పదోన్నతి దానంతట అదే వస్తుందా? వస్తుందని చెబితే మిమ్మల్ని మోసగించినవాణ్ని అవుతాను. ప్రభుత్వోద్యోగంలో సీనియారిటీ ఒకటుంది, పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే శాఖాపరమైన పరీక్షలున్నాయి. అనేక ఉద్యోగాలలో అకౌంట్ టెస్టు వంటివి ఉత్తీర్ణులైతేనే పై మెట్టుకు అర్హత కలుగుతుంది. పగలంతా పనిచేసి, రాత్రి పుస్తకం పట్టడానికి బద్ధకించి, తరువాత చేరినవారు తమను దాటిపోతుంటే నిట్టూర్చే సమర్థులను నేనెరుగుదును. ప్రైవేటు సంస్థలలోనైతే ఏటేటా పనితీరును మదింపు చేస్తారు. అక్కడ తాను చేసిన పనిని తేదీలతో, ఫలితాలతో చూపగలిగినవాడికి, చూపలేనివాడికి తేడా ఉంటుంది. తన పనిని గురించి చెప్పుకోవడాన్ని ఆత్మస్తుతి అని మనవాళ్లు సంకోచిస్తారు. ఉన్నది ఉన్నట్లు నివేదించడం ఆత్మస్తుతి కాదు.

ఈ విషయంలో యల్లాప్రగడ సుబ్బారావు జీవితం ఆలోచింపదగినది. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా చేరి హార్వర్డు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన ఈయన, సైరస్ ఫిస్కేతో కలిసి జీవపదార్థాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. అది ఇద్దరి పేర్ల మీదనే ప్రసిద్ధమైంది. కండరాల శక్తికి మూలమైన పదార్థాల మీద వారి పరిశోధన జీవరసాయన శాస్త్రంలో గొప్ప మలుపు. అయినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. ప్రతిభ కొరవడి కాదు, ధ్యాస చాలక కాదు. 1940లో ఆయన లెడర్లే ప్రయోగశాలకు మారాడు. తరువాతి ఎనిమిదేళ్లలో ఆయన నాయకత్వంలోని బృందాల నుంచి ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు వ్యాధికి నేటికీ వాడే డైఇథైల్ కార్బమజీన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకం వెలువడ్డాయి. 1948లో, ఏభై మూడేళ్ల వయసులో ఆయన మరణించాడు.

ఈ కథను విని కొందరు విద్యార్థులు, ‘‘చూశారా, కష్టపడినా గుర్తింపు రాదు’’ అంటారు. నేను దీనిని మరొక విధంగా చదువుతాను. ఒకచోట తలుపు తెరుచుకోనప్పుడు ఆయన పని మానలేదు, తలుపును మార్చాడు. ఒక సంస్థ మనలను గుర్తించకపోవడానికి మన లోపం కారణమో, ఆ సంస్థ లోపం కారణమో నిదానంగా విచారించుకోవాలి. లోపం మనది కానప్పుడు చోటు మారడం చంచలత్వం కాదు. అయితే ప్రయోగశాల మారినంత మాత్రాన సుబ్బారావుకు కొత్త ధ్యాస రాలేదు. ఉన్నదానినే వెంట తీసుకువెళ్లాడు.

గుర్తింపును పంచుకోవడంలో మన అవధానులే ఒక ఆదర్శం చూపారు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి తిరుపతి వేంకట కవులనే జంటపేరుతో ఊరూరా అవధానాలు చేశారు. వారు చెప్పిన పద్యాలలో ఏది ఎవరిదని విడదీసి చెప్పడం కష్టం. తిరుపతి శాస్త్రి ముందుగా గతించాడు. ఆ తరువాత కూడా చెళ్లపిళ్లవారు తమ రచనలను జంటపేరుతోనే ప్రకటించారు. సహోద్యోగి చేసిన పని మీద తన సంతకం పెట్టుకొనేవారు కనబడినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది. చెళ్లపిళ్లవారు బందరులో ఉపాధ్యాయుడుగా పనిచేశారు. అక్కడ ఆయన వద్ద చదువుకొన్నవారిలో, తెలుగుకు తొలి జ్ఞానపీఠ పురస్కారం తెచ్చిన విశ్వనాథ సత్యనారాయణ ఒకరు.

శిబిరం సంగతికి వస్తాను. ఆ మరుసటి రోజు నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకొన్నాను. పత్రం మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఎడమచేయి కొంచెం ఎత్తుతాను. చేతిలోని జవాబుకు మార్కు వేసి, పైపుట పట్టికకు ఎక్కించి, ఆ గడిలో చిన్న చుక్క పెట్టి, అప్పుడు తలెత్తుతాను. కలం మూత పెట్టి మాట్లాడతాను. మాట అయిన తరువాత చుక్క దగ్గర నుంచి మొదలుపెడతాను. మొదట్లో మిత్రుడు నొచ్చుకొన్నాడు. రెండు మూడు రోజులకు ఆయనా చేయి ఎత్తడం నేర్చాడు. బకాయిల ముచ్చట మాత్రం మానలేదు. మధ్యాహ్న భోజనం దగ్గర తీరికగా సాగేది.

అభ్యాసం

అవధానంలో అప్రస్తుత ప్రసంగి పాత్రను వివరించి, కార్యాలయ జీవితంతో దానికి గల పోలికను విశ్లేషించండి.

‘‘అవధానికి మాత్రం అది చీకట్లో చేతికి తగిలే తాడు.’’ సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.

యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డును వీడడాన్ని రచయిత ఏ విధంగా అర్థం చేసుకొన్నాడు? మీరు ఏకీభవిస్తారా?

మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని ఉద్యోగం చేస్తున్న ఒకరిని కలిసి, పని మధ్యలో అంతరాయం కలిగినప్పుడు వారు ఏమి చేస్తారో తెలుసుకొని ఒక పుటలో రాయండి.